ఘటం ఆగిన గుమ్మం

అమ్మవారి ఘటం మోస్తున్న పార్వతమ్మ ఆ క్వార్టరు ముందు, కిటికీ పక్కనే ఆగింది. తలుపుకు తాళం, తాళానికి రైల్వేవాళ్ళు వేసిన సీలు ఉన్నాయి. కిటికీ రెక్క తెరుచుకుంది. చువ్వల మధ్య నుంచి రెండు చేతులు చెంబుతో బయటికి వచ్చి, ఆమె పాదాల మీద పసుపు నీళ్ళు పోశాయి. వేళ్ళు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయిన చేతులు. మిట్టమధ్యాహ్నం. నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను.

అలాంటి చేతులు ఆ వీధిలో ఒక్క అప్పలస్వామికే ఉండేవి. ఆ క్వార్టరు ఆయనదే. ఆయన పోయి అప్పటికి పంతొమ్మిది రోజులు. శ్మశానంలో చితి దగ్గర ఉన్న నలుగురిలో నేనొకణ్ణి.

ముప్పై ఏళ్ళు దినపత్రికలో విలేకరిగా పనిచేశాను. ఏ దెయ్యం వార్త తవ్వినా, అడుగున ఎవరినో ఇల్లు ఖాళీ చేయించాలనుకునే మనిషి దొరికేవాడు. దెయ్యం ఎప్పుడూ దొరకలేదు.

ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలు ఎక్కువ. ఏటా మాతా పూజకు ఘటాలు వీధివీధికీ తిరుగుతాయి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతాయి. ఆ ఇంటివాళ్ళు వేపాకులు వేసిన పసుపు నీళ్ళు మోసేవాళ్ళ కాళ్ళ మీద పోస్తారు. ఘటం ఆగని ఇల్లు కాలనీలో ఇంటి కింద లెక్క కాదు.

అప్పలస్వామి వర్క్‌షాపులో ఇనుము కరిగించి పోతపోసే చోట పనిచేసేవాడు. కరిగిన ఇనుము ఎగజిమ్మి ముఖం, చేతులు కాలిపోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన కుళాయి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు పిల్లల కళ్ళు మూసేవారు. అన్నం తినని పిల్లలకు ఆయన పేరు చెప్పి తినిపించేవారు. ఆయన గుమ్మం రాగానే ఘటం పరుగందుకునేది. ఆయన్ని అక్కడి నుంచి పంపించాలని కాలనీ సంతకాలు పెట్టింది. వార్త నేనే రాశాను. ‘పిల్లల్ని జడిపిస్తున్న ముఖం’ అన్న శీర్షిక కూడా నాదే. ఆయనతో ఒక్క మాట మాట్లాడకుండా రాశాను.

అయినా ఆయన నా దగ్గరికే వచ్చాడు, ముఖానికి తువ్వాలు చుట్టుకుని.

“బాబూ, కమిటీవోళ్ళు మీ మాట ఇంతారు. ఈయేడు ఘటం నా గుమ్మం కాడ ఆపమని సెప్పండి. మొకం బయటెట్టను. కిటికీలోంచి సేతులెట్టి నీళ్ళు పోసీసి, రెక్క మూసీస్తాను.”

పూజ కమిటీ పెద్ద సన్యాసిరావు రిటైరైన ఫిట్టరు. టీ కొట్టు దగ్గర కనిపిస్తే ఈ మాట చెప్పాను. నవ్వాడు.

“మీకేటి బాబూ, రాసీసి ఎలిపోతారు. పిల్లలు జడుసుకుంటే ఒళ్ళో ఏసుకుని కూకునేది మేం. అంత జాలుంటే, ఠీక్ హై, ఆడిని మీ గుమ్మంలో నిలబెట్టి పోయించండి. మీ ఆవిడ ఒప్పుకుంటాదేటి?”

నేను ఇంట్లో అడగలేదు. సన్యాసిరావునూ మళ్ళీ అడగలేదు. అప్పలస్వామికి మాత్రం చూద్దాం అన్నాను. పూజ ఇంకా రాకముందే ఆయన రైల్వే ఆసుపత్రిలో నిమోనియాతో పోయాడు.

ఘటం ఆ గుమ్మం దగ్గర ఆగిన మర్నాడు, ఎందుకు ఆగావని పార్వతమ్మను అడిగాను.

“ఏటి సెప్పను బాబూ, కాళ్ళు లెగలేదు. నీళ్ళు మాత్రం సల్లగున్నాయి.”

ఆ కిటికీ కింద తడిసిన వేపాకులు నేనే ఏరాను. సీలు చెక్కుచెదరలేదు. వారం తర్వాత రైల్వే ఆఫీసువాళ్ళు తలుపు తీసినప్పుడు వెంట వెళ్ళాను. లోపల నీటి చుక్క లేదు. నేలంతా దుమ్ము, దాని మీద ఒక్క అడుగు కూడా పడలేదు. కిటికీకి లోపలి నుంచి గడియ వేసి ఉంది.

మరుసటి ఏడు ఘటాల దారి మార్చారు. ఆ వీధిలోకి ఇక రావు.

ఆ చేతులు ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు. కిటికీ తెరుచుకున్నప్పటి నుంచి చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడ ముప్పై నలభై మందిమి ఉన్నాం. లోపల ఎవరని ఒక్కరం కూడా అడగలేదు.