ఖాళీ గదిలో చప్పుడు

గార్ల ఊరి నుంచి వచ్చిన షబీనాకు అది పరీక్ష రోజు. సౌండ్ రికార్డిస్టు రాజేశం మెచ్చితేనే టీవీ సీరియల్‌లో ఉద్యోగం. పాలకుర్తి దగ్గరి పాత ఇంట్లో ఆ రోజు షూటింగ్ ముగిసింది. మాటల వెనక వాడుకోవడానికి ఖాళీ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయడం ఈ పనిలో రివాజు. షబీనా లోపల మైకు పెట్టి, తలుపేసి, అరుగు మీద కూర్చుని హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

లోపల ఎవరో వక్క దంచుతున్నారు.

తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. మూయగానే చప్పుడు మళ్లీ మొదలైంది.

“ఏమన్న వినవడుతుందా?” రాజేశం అడిగాడు.

పిచ్చిదనుకుని పంపేస్తాడేమోనని భయపడుతూనే చెప్పింది. “ఎవరో వక్క దంచుతున్నరు అన్నా.”

రాజేశం నవ్వలేదు. “నీకంటె ముందు ముగ్గురొచ్చిన్రు. గీ ఇంట్లనే వినమన్న. ఏం లేదన్నరు. నాకే చెవులు చెడినయనుకున్న. రేపటి సంది డ్యూటీకి రా. షూటింగ్ ఇంకా గిక్కడ్నే.”