గుట్ట ముందర అక్క

ఆ రోజుల్లో వనపర్తిలో డిగ్రీ చదివే ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. నాకు ఫోటోల పిచ్చి. బొంబాయి నుంచి మామ తెచ్చిన కెమెరా మెడలో వేసుకుని బస్టాండులో చాయ తాగితేనే కళాకారుణ్ణయిపోయానని నమ్మే వెర్రివాణ్ణి. అది చాలదన్నట్టు, మా కాలేజీకి హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఫోటోగ్రాఫరు వచ్చాడు. కొండలూ లోయలూ తప్ప మనుషుల్ని తీయడట. ఒళ్లంతా జేబులున్న కోటు తొడుక్కుని, కళ్లు మూసుకుని, "నేల ముందు మనిషెంత? చుక్కంత! ఫోటోలో నేలను మాట్లాడనివ్వండి" అన్నాడు. (ప్రిన్సిపాలు పెట్టించిన బిర్యానీ ముందు మాత్రం ఆయన చుక్కంత కాలేదు.) అందరూ ఆవులించారు. నాకు ఒళ్లు పులకరించింది. ఆ ముక్కను గది గోడ మీద బొగ్గుతో రాసుకుంటే ఇంటి ఓనరు తిట్టాడు.

సరిగ్గా అప్పుడే తిమ్మాజిపేటలో మా పెద్దమ్మ కూతురికి గద్వాల సంబంధం వచ్చింది. పిల్లవాడు బడిపంతులు. ముందే వచ్చిన అతని ఫోటోను అక్క చీరల మడతల్లో దాచుకుందంటే ఇక చెప్పేదేముంది! అంతకుముందు రెండు చోట్ల స్టూడియో ఫోటో చూసే వద్దన్నారు (పౌడరు పూసి, ప్లాస్టిక్ పూలకుండీ పక్కన నిలబెడితే ఎవరైనా కొయ్యబొమ్మలాగే ఉంటారు). ఇదీ తప్పిపోతే ఎలాగని పెద్దమ్మ దిగులు. "నువ్వే తియ్యిరా. జర మంచిగ తియ్యి, వాళ్లు బిడ్డను సూడాలె" అంది.

తీశాను. ఊరవతల గుట్ట కింద అక్కను నిలబెట్టి వెనక్కి నడిచాను. ఇంకా వెనక్కి. "ఏడికి పోతున్నవ్‌రా? నేను కనబడ్తున్ననా?" అని అక్క అరిచింది. "నువ్వు ముఖ్యం గాదక్కా, నేల ముఖ్యం!" అన్నాను. పెళ్లి ఫోటోకు నిలబడ్డ ఆడపిల్లతో అనే మాటేనా అది! ఆమె ఎండకు మాడిపోతుంటే నేను మంచి వెలుతురు కోసం కాచుకు కూచున్నాను. వనపర్తిలో ఫిలిం కడిగించి, ఎవరికీ చూపకుండానే గద్వాలకు పోస్టు చేశాను. ఇంకో కాపీ తెచ్చి గర్వంగా పెద్దమ్మ చేతిలో పెట్టాను.

"ఏందిరా గిది? పిల్లేది?"

"గా మూలకు సూడు పెద్దమ్మా, ఎర్రగ... గదే అక్క."

"నీ తెలివిల మన్నువడ! నా బిడ్డ మిరపకాయంత ఉంటదారా?"

ఆ వారంలోనే గద్వాల నుంచి పిల్లవాడి తండ్రి ఫోను చేశాడు. "గుట్ట ఫోటో వచ్చింది. క్వారీకిస్తరా, అమ్ముతరా? మాకు గుట్టతోని పని లేదు. పిల్ల ఫోటో పంపుండ్రి." అక్క తలుపేసుకుని ఏడ్చింది. నేనేమో, కళ తెలియని జనమని గద్వాల మొత్తం మీద జాలిపడ్డాను. సిగ్గు లేకపోతే సరి!

ఆదివారం పొద్దున పిల్లవాడే చెప్పా పెట్టకుండా బస్సు దిగి వచ్చాడు. "ఫోటోల ముఖం కానరాలే. అందుకే సూసి పోదామని వచ్చిన" అన్నాడు, చెప్పులు విడవాలో వద్దో తెలియక వాకిట్లోనే నిలబడి. అక్క నీళ్ల చెంబుతో వచ్చింది. పౌడరు లేదు, పూలకుండీ లేదు, ఏడ్చి ఉబ్బిన కళ్లు. అతను నీళ్లు తాగడం మరిచి చూశాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "మా నాయనకు నేను చెప్పుకుంట" అన్నాడు.

ఆ పెళ్లి నా కళ వల్లే, ఆ హైదరాబాదు ఫోటోగ్రాఫరు మాట వల్లే అయిందని ఏళ్ల తరబడి ఊరంతా టాంటాం వేశాను. మొన్న గద్వాలలో వాళ్లింట్లో కూచుని మళ్లీ మొదలుపెడితే అక్క ఇక ఊరుకోలేదు. "నువ్వు మంచిగ తీసినవని వచ్చిండారా? నేను కానరాలేదని వచ్చిండు!" అంది. బావ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. పిల్లను వదిలేసి గుట్టను తీసిన ఆ మొద్దును ఎంత తిట్టినా తక్కువే. అయితే ఒకటి, ఎవరి మాటనైనా అంత గట్టిగా నమ్మడం మళ్లీ నా వల్ల కాలేదు.