లీవు భోజనం

హవల్దార్ త్యాగరాజన్ లీవులో వచ్చాడంటే గోరిమేడులో ఆ వీధికంతా వాసనే చెప్పేది. ఆయన ఆటో దిగకముందే భార్య మరగతం పొయ్యి మీద ఎండుచేపల పులుసు మరుగుతుండేది. మిలిటరీవాళ్లు ఏడాదంతా మొగుణ్ణి పస్తులు పెట్టి తన దగ్గరికి తోలినట్టే వండేది ఆమె. వడలు, అప్పడాలు, మాంసం వేపుడు. ఆయన పళ్లెంలో ఖాళీ కనబడితే ప్రాణం ఒప్పేది కాదు.

2004లో వచ్చినప్పుడు ఆయన పళ్లెం ముందు కూర్చుని కాసేపు నసిగాడు.

"మరగతం, ఉప్పూ నూనే కొంచెం తగ్గించరాదా? ఈసారి మెడికల్‌లో బీపీ ఎక్కువుందన్నారు. గుండెకు మంచిది కాదని మా డాక్టరు గట్టిగా చెప్పినాడు."

"ఆ డాక్టరుకు పెండ్లాం ఉండాదా? వండిపెట్టే దిక్కు లేనోడే అట్ల చెప్పేది."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నా చేతి వంట ఇప్పుడు చేదైపోయింది," అంటూ గరిటె గిన్నెలో పడేసి పెరట్లోకి పోయింది. సాయంత్రందాకా మాటల్లేవు. చివరికి ఆయనే వంటింట్లోకి వచ్చి, "ఏంది, వడలు యాడ దాచినావు?" అని అడిగి మరీ తిన్నాడు. గెలిచాననుకుంది మరగతం. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తిరిగి పోయేటప్పుడు ఎప్పట్లాగే ట్రంకు పెట్టెలో నిమ్మకాయ ఊరగాయ జాడీలు సర్ది పంపింది.

మరుసటి ఏడు లీవులో, మధ్యాహ్నం చెయ్యి కడుక్కొని లేస్తూ, రొమ్ము మీద బండ పెట్టినట్టుందన్నాడు. ఎడమచెయ్యి లాగుతోందన్నాడు.

"ఎక్కువ తిన్నారు, గ్యాసే," అని ఆమె వాము నీళ్లు కాచింది. అవి చల్లారేదాకా విసురుతూ కూర్చుంది. ఆస్పత్రి ఆ వీధి చివరే. అక్కడికి చేర్చేసరికి ఆయన లేడు.

కర్మలన్నీ అయ్యాక, ఆయన సామాన్ల పెట్టె తీసుకొని గుణశేఖర్ వచ్చాడు. పక్కనున్న తట్టాంచావడి అతను, అదే యూనిట్. లీవులో వస్తూ ముందు ఇక్కడికే వచ్చాడు. మరగతం పెట్టె తెరిచి చూసింది. జాడీలు కడిగి, తుడిచి ఉన్నాయి.

"ఊరగాయన్నా ఇష్టంగా తిన్నారా, గుణా?"

అతను తల దించుకున్నాడు. "అన్న ముట్టలేదు వదినా. అంతా మేమే నాకేసినాం. మెస్సులో ఉప్పు తక్కువ పప్పు, చపాతీ, అంతే. పొద్దున్నే పరుగుకు మాకంటే ముందుండేవాడు. 'ఇంటికి పోతే ఆమె మనసు నొప్పించలేనురా, ఈడన్నా డాక్టరు మాట వింటా' అనేవాడు."

నాతో ఒక మాట చెప్పకూడదా అని నోటిదాకా వచ్చింది మరగతానికి. చెప్పాడు కదా. పళ్లెం ముందు కూర్చుని చెప్పాడు.

గుణశేఖర్ లేచాడు. "వస్తా వదినా. ఇంట్లో నా పెండ్లాం కన్నియమ్మాళ్ వేపుడు చేసి కాచుకోనుంటుంది. లేటయితే నన్నే వేపుతుంది."

"మెడికల్‌లో నీకేం చెప్పినారు?"

అతను తల గోక్కున్నాడు. "నాకూ బీపీ ఉందన్నారులే. ఇంట్లో చెప్పలేదు. అలిగితే యాడ పడేది?"

మరగతం జాడీ కింద పెట్టి తలుపుకు తాళం వేసింది.

"నడు, నేనూ వస్తా. అలిగితే నా మీద అలగనీ."