నడుం ఎత్తని నిమిషం

ఆఫీసులో అతన్ని అందరూ కత్తెర అనే పిలుస్తారు. పన్నెండేళ్లు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి వచ్చిన మనిషి. ఆవలించేవాళ్లు, బుర్ర గోక్కునేవాళ్లు, కుర్చీ కోసం వెతుక్కునేవాళ్లు కనబడితే చాలు, టక్కున కోసేసేవాడు. "నా వీడియోలో చుట్టాలకి నిద్ర రాదు, ఆకలి వెయ్యదు, విసుగు పుట్టదు" అని గొప్పగా చెప్పుకునేవాడు. అబద్ధం కాదు. చూసినవాళ్లు డబ్బిచ్చి మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు బడిపిల్లలకి ఇంటర్నెట్‌లో పాఠాలు పెట్టే కంపెనీలో పని. వ్యవసాయం మీద నలభై పాఠాలు చేస్తున్నారు. మనం తినేది ఎక్కణ్ణించి వస్తుంది, ఎవరి చేతుల మీదుగా వస్తుంది, పంట పోతే ఊళ్లో ఎవరి పని పోతుంది, ఇలాంటివి. ఎడిటింగ్ గదికి కిటికీ ఉన్నా నల్లగుడ్డ కట్టేశారు. ఏసీ కారే నీళ్లకి కింద బకెట్ పెట్టారు. నలభై పాఠాల పొలాలన్నీ ఆ చీకట్లోనే పండాలి. ఏ పాఠమూ నాలుగు నిమిషాలు దాటకూడదని మేనేజరు పట్టు. దాటితే పిల్లలు పారిపోతారట.

వరినాట్ల పాఠానికి వీడియో దొరక్కపోతే కత్తెరే ముందుకొచ్చాడు. "మా పెద్దమ్మది నాట్ల ముఠా. పదిమంది ఆడవాళ్లు. రేపే వీడియో తీసుకొస్తా" అన్నాడు.

పెద్దమ్మ కెమెరాని చూసి సిగ్గుపడే రకం కాదు. "ఒరే, నా మొహం తియ్యకు, చేతులు తియ్యి. మొహం చూసి ఎవరూ నాట్లు నేర్చుకోరు" అంది. గట్టు మీద కెమెరా పెట్టి ఇరవై నిమిషాలు ఆపకుండా తీశాడు. ఆఫీసుకొచ్చి అలవాటైన చేతులతో కోశాడు. పాఠం చకచకా వచ్చింది. నీళ్లల్లో చేతులు, నారు, చేతులు, నారు. మేనేజరు స్వయంగా టీ తెచ్చిచ్చాడు.

పాఠాలు రాసే టీచరమ్మ ఆ వీడియో చూసి చివర్లో ఒక అభ్యాసం పెట్టింది. ఒక నిమిషం వీడియో చూసి ఒక మనిషి ఎన్ని కుదుళ్లు నాటిందో లెక్కపెట్టండి, ఒక్క రోజులో ఎకరం నాటాలంటే ఎంతమంది కావాలో కనుక్కోండి. ఎకరానికి పట్టే కుదుళ్లు, రోజుకి పనిగంటలు పక్కనే ఇచ్చింది. అరవై కుదుళ్లు. జవాబు, ఆరుగురు.

పదిరోజుల తర్వాత, మంగళవారం మధ్యాహ్నం, పెద్దమ్మ ఫోన్ చేసింది.

"నీకేం పాపం చేశామురా? మా నోట్లో మట్టి కొట్టావు."

"ఏమైంది పెద్దమ్మా?"

"పొలం ఆసామి కూతురు నీ పాఠం చూసి లెక్క కట్టిందట. ఎకరానికి ఆరుగురు చాలట. 'పదిమందిని ఎందుకు తెస్తున్నావు, కబుర్లు చెప్పుకోడానికా?' అని ఆసామి అందరి ముందూ అడిగాడు. అందులో ఉన్నది మేమేనాయె. మా చేతులు చూపించి మమ్మల్నే నిలదీస్తే ఏం చెప్పను?"

"నాట్లు ఎప్పుడు?"

"గురువారం పొద్దున్న. ఆరుగుర్నే రమ్మన్నాడు. మిగతా నలుగురూ ఇంట్లో కూర్చోవాలి. ఎవర్ని ఆపమంటావో నువ్వే చెప్పు. నా కోడల్ని ఆపనా? పక్కింటి మొగుడు లేని పిల్లని ఆపనా? కొయ్యడం నీకు బాగా వచ్చుగా."

కత్తెర టీచరమ్మకీ మేనేజరుకీ సంగతి చెప్పాడు.

టీచరమ్మ మొహం వెలవెలబోయింది. కాగితం తీసి మూడుసార్లు లెక్క చేసింది. మూడుసార్లూ ఆరే వచ్చింది. మేనేజరు చిరాగ్గా, "పొలం మొహం చూడకుండా లెక్కలు పెడితే ఇలాగే ఉంటుంది మేడం. జవాబు పది అని మార్చేసి ఊరుకోండి" అన్నాడు.

"వీడియోలో అరవై కనబడుతుంటే పది ఎలా వస్తుంది సార్? పిల్లలు లెక్క చేస్తారు కదా" అంది టీచరమ్మ.

అక్కడ నోరు మూసుకుని ఉంటే కత్తెర జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఉందామనే అనిపించింది కూడా. కానీ ఫోన్ పెట్టేశాక, చేతిలో వెయ్యి పనులున్నా, అసలు వీడియో తెరిచి చూసుకున్నాడు. చూశాక ఆగలేకపోయాడు.

"మేడం లెక్క తప్పు కాదు సార్. నిమిషమే తప్పు. అసలు వీడియోలో నిమిషానికి ముప్ఫై ఆరే ఉన్నాయి. ప్రతి నిమిషంలోంచీ ఇరవై నాలుగు సెకన్లు నేను కోసేశాను."

"ఏమున్నాయి వాటిలో?"

"నడుం ఎత్తడం. నారుకట్ట విప్పడం. బురదలోంచి కాలు పీక్కోవడం. ఒకచోట మా పెద్దమ్మ నన్ను తిట్టడం."

"తిట్లు కూడా పెడతావా ఇప్పుడు?"

"గొంతు తీసేస్తాను. టైం మాత్రం ఉంచాలి సార్."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నాలుగు నిమిషాలు దాటుతుంది."

"మొదట్లో సూర్యోదయం ఉంది కదా, అది తీసేద్దాం. దాంట్లో ఎవరూ ఏమీ నాటడం లేదు."

ఆ సూర్యోదయం మేనేజరు ప్రత్యేకంగా డ్రోన్ పెట్టించి తీయించింది. గంటసేపు వాదన నడిచింది. చివరికి ఆయన విసుగొచ్చి, సరేనంటూ చెయ్యి ఊపేశాడు. బుధవారం సాయంత్రానికి, ఎక్కడా కొయ్యని ఒక నిమిషంతో, కొత్త పాఠం ఎక్కింది. పొరపాటు ఎక్కడ జరిగిందో టీచరమ్మ కింద రెండు వాక్యాలు రాసి పెట్టింది. కత్తెర లింకు పెద్దమ్మకి పంపాడు. ఆవిడ దాన్ని ఆసామికి కాదు, ఆయన కూతురికి పంపించింది.

గురువారం సాయంత్రం ఫోన్ వచ్చింది. గొంతులో అలసట, దాని మీద నవ్వు.

"పదిమందిమీ దిగాం. ఆ పిల్ల మళ్లీ లెక్కేసి వాళ్ల నాన్నని కూర్చోబెట్టి చెప్పిందట. ఆయనకి నమ్మకం చాలక గడియారం పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఊరికే నిలబడ్డందుకే ఆయన నాలుగుసార్లు నడుం విరుచుకున్నాడురా!"

"పని అయిందా?"

"పొద్దు వాలేసరికి అయింది. ఒక్క మనిషి తగ్గినా అయ్యేది కాదు. ఉంటా, కాళ్లు లాగేస్తున్నాయి."

నెల తర్వాత మేనేజరు ఒక గ్రాఫు తెచ్చి కత్తెర ముందు పెట్టాడు. పాఠంలో ఏ చోటుని ఎంతమంది పిల్లలు చూస్తున్నారో, ఎక్కడెక్కడ ముందుకి జరిపి దాటేస్తున్నారో చూపించే గీత. నాట్ల పాఠంలో పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టి నిలబడిన చోట గీత బావిలోకి పడినట్టు పడిపోయింది.

"చూశావా? సరిగ్గా అక్కడే జారుకుంటున్నారు."

కత్తెర గీతని చాలాసేపు చూశాడు. విసుగు పుట్టే చోటు దాటెయ్యడం, పన్నెండేళ్లు అతను చేసిందీ అదే పని.

"దాటేసినవాళ్లకి లెక్క రాదు సార్" అన్నాడు. "మళ్లీ వెనక్కి వస్తారు."

"రాకపోతే?"

మేనేజరు ఆ చోటు తియ్యమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు. కాగితం అక్కడే వదిలేసి వెళ్లాడు. పాఠం అలాగే ఉంది.