రెండోసారి కుట్టిన కందిరీగ

మా పిన్నిని పేటలో అందరూ కందిరీగ అంటారు. ఆ పేరు పెట్టిన ఘనత నాదే. పన్నెండేళ్ళ వయసులో ఆరోగ్య కేంద్రం గోడ మీద బొగ్గుతో "లోపల కందిరీగ ఉంది, జాగ్రత్త" అని రాసి పారిపోయాను. మర్నాడు పిన్ని నా చెవి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. "రాస్తే రాశావు, ఈ కోడిగీతలేమిట్రా? చదివేవాళ్ళ కళ్ళు పోవాలా? గుండ్రంగా రాయి" అని దగ్గరుండి మళ్ళీ రాయించింది.

ఆవిడ ఉద్యోగం పసిపిల్లలకి టీకాలు వేయడం. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ, అదే మొహం. ఆ మొహం గురించి ఎక్కువ చెప్పను. పెళ్ళి ఫోటోలో కూడా ఎవరో కాలు తొక్కినట్టే ఉంటుంది.

పేటలో తల్లులకి ఆవిడంటే ఒళ్ళు మంట. పిల్లలు తినకపోతే భయపెట్టడానికి దెయ్యాన్ని పిలవడం మానేసి చాలాకాలమైంది, కందిరీగని పిలుస్తారు. టీకా వేసిన మర్నాడు తల్లులు కేంద్రం మెట్ల మీదే మొదలుపెడతారు. "పొడిచి నువ్వు హాయిగా పడుకున్నావు. మా వాడికి ఒళ్ళు పెనంలా కాలింది. నిద్ర పోయింది మాకు, జీతం వచ్చింది నీకు."

పిన్ని తల కూడా ఎత్తదు. "జ్వరమొస్తే సంతోషించాలే మొద్దూ. ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. వట్టి సోమరిపోతులు. మీ ఆయనలాగే, మీద పడేదాకా కదలవు. నేను మందులో చచ్చిన క్రిముల్ని పంపిస్తున్నానంటే, వాటికి దొంగ ఫోటో పంపిస్తున్నట్టు. ఉత్త ఫోటో ఇస్తే చూసి పక్కన పడేస్తాయి. అందుకని మందులో తెల్లటి పొడి కలుపుతారు. అది లెంపకాయ. లెంపకాయ కొట్టి ఫోటో చూపిస్తే అప్పుడు లేస్తాయి. లేచాక వాటికి కోపం వస్తుంది, ఒళ్ళు కాలుతుంది. ఒక్కసారి కోపం వచ్చిందా, ఇక అవి మా అత్తగారే. ఏళ్ళు గడిచినా మర్చిపోవు. అసలు దొంగ గుమ్మం తొక్కగానే జుట్టు పట్టుకుంటాయి."

"మీ అత్తగారు ఏం మర్చిపోలేదు పిన్నిగారూ?" అని ఒకావిడ అడిగింది.

"పెళ్ళిలో ఆవిడకంటే ముందు నేను కుర్చీలో కూర్చున్నా."

అత్తగారిని మించిన జ్ఞాపకం పేటలో ఇంకొకరికి ఉంది. పాలబూత్ ఆవిడకి. పదకొండేళ్ళ క్రితం పిన్ని పదిమంది ముందు, "పాలడబ్బాలు ఎండలో పెట్టి అమ్ముతావా, పిల్లల కడుపులు ఏమవ్వాలి?" అని అరిచింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పిన్ని పాలకోసం రెండు వీధులు అవతలికి నడుస్తుంది. బూత్ ఆవిడ మనవడికి టీకా వేయించడానికి కోడల్ని పంపిస్తుంది గానీ, తను మాత్రం కేంద్రం ఉన్న వైపు తుమ్మదు కూడా.

ఈ ఏడాది ఎండలు ముదిరాయి. కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయేది. కేంద్రంలో ఫ్రిజ్ నా కంటే పెద్దది, వయసులో. మందు వేడెక్కితే పాడవుతుందని పిన్నికి పిచ్చి భయం. అందుకని కరెంటు ఉన్న కాసేపట్లోనే గట్టిగా చల్లబడనీ అని, ఫ్రిజ్ లోపలి చక్రాన్ని చివరి అంకె దాకా తిప్పేసింది. సీసాల్ని తలుపు దగ్గరనుంచి తీసి, బాగా చల్లగా ఉండే వెనక గోడకి ఆనించి పేర్చింది. పొద్దునా సాయంత్రం థర్మామీటరు చూసి పుస్తకంలో రాసింది. థర్మామీటరు తలుపు దగ్గర వేలాడుతోంది. అది అయిదు డిగ్రీలని చూపించింది. అయిదంటే బంగారం. రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉండాలి, అంతే.

అలా మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకి కంఠవాతం, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే సూది పడింది.

తర్వాత ఘోరం జరిగింది. తల్లులు పిన్నిని మెచ్చుకున్నారు.

"ఈసారి మీ చెయ్యి ఎంత తేలికో పిన్నిగారూ, మా దానికి ఒళ్ళు వెచ్చబడనైనా లేదు" అంది ఒకావిడ. "మా వాడూ అంతే, సాయంత్రానికల్లా ఆటలు" అంది ఇంకొకావిడ. మూడో ఆవిడ వాళ్ళాయన చేత అరటిపళ్ళు పంపించింది. ఇంట్లో ఆ పళ్ళు ముందు పెట్టుకుని పిన్ని పాముని చూసినట్టు చూస్తోంది.

"తినవేం?" అన్నాను.

"ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరూ పొగడలేదురా. జ్వరం రానంత మాత్రాన మందు పనిచేయలేదని కాదు. కొందరికి రాదు. కానీ ఈ మందుకి సగం మందికైనా వస్తుంది. ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరికీ రాలేదంటే నాకు నచ్చలేదు. పైగా ఒకడికి తొడలో గోలీకాయంత గడ్డ."

మర్నాడు పొద్దున్నే ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసింది. వెనక గోడ మీద వేలెడు మందాన మంచు. ఒక సీసా ఆ మంచుకి అతుక్కుని ఉంది. లాగితే గాని రాలేదు. మిగిలిన సీసాల్లోంచి ఒకటి తీసి ఊపి బల్ల మీద పెట్టింది. మంచి మందు ఊపితే పల్చటి పాలలా తెల్లగా నిలబడుతుంది, అడుగుకి దిగడానికి చాలాసేపు పడుతుంది. ఇది పావుగంటలో కింద తెల్లటి ముద్దగా, పైన నీళ్ళుగా తేలిపోయింది. గడ్డకట్టి కరిగిన మందు అలాగే అవుతుంది. వేడికి భయపడి చలికి చంపుకుంది.

ముప్ఫై ఎనిమిది మంది పిల్లల ఒంట్లో కాపలావాళ్ళు ఇంకా గురకపెడుతున్నారు. పక్క పేటలో అప్పటికే కోరింత దగ్గు మొదలైంది. ఇద్దరు పసివాళ్ళు ఆసుపత్రిలో ఉన్నారు.

కేంద్రం డాక్టరు కుర్రవాడు, మంచివాడు. అంటే గొడవలంటే భయమున్నవాడు. "సిస్టర్, ఎవరికీ ఏం చెప్పొద్దు. బలం కోసం అదనపు డోసు ఇస్తున్నామని చెప్పేద్దాం. పిల్లలకి పడాల్సింది పడుతుంది, మన పరువూ ఉంటుంది."

"బలానికైతే సగం మంది రారు సార్. పక్కింటావిడ 'మాకు బలం ఉందిలే' అంటుంది. మీ పిల్లకి కాపలా లేదని చెబితేనే వస్తారు."

"వచ్చి మిమ్మల్ని కొడతారు."

"చేతిలో పిల్లలతోనే వస్తారుగా. అది చాలు."

ఆవిడ కొత్త మందు తెప్పించి, మంచుపెట్టె భుజాన వేసుకుని బయలుదేరింది. ప్రతి గుమ్మం ముందూ ఒకే మాట. "మందు నేను పాడుచేశాను. మీ పిల్లకి వేసింది పనిచేయదు. మళ్ళీ వేయాలి." మధ్యలో క్షమించండి, పొరపాటు లాంటి మెత్తటి మాటలేవీ లేవు. ఆవిడకి అవి రావు.

తిట్లు మాత్రం ధారాళంగా వచ్చాయి. ఒకాయన "నీ పిల్లలకైతే ఇలా చేస్తావా?" అన్నాడు. ఒకావిడ "మా పిల్ల ఒళ్ళేమన్నా గుడ్డముక్కా, ఇష్టమొచ్చినప్పుడల్లా పొడవడానికి?" అంది. అరటిపళ్ళావిడ పళ్ళు తిరిగివ్వమని అడగలేదు గానీ, అడిగినంత పనిచేసింది. రోజంతా తిరిగితే నలుగురు పిల్లలకే సూది పడింది. మిగిలినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. పాలబూత్ ఆవిడ వాళ్ళ మనవడికి వేయిస్తే చూద్దాం.

పేటలో తల్లులందరూ పొద్దున్నే చేరేది ఆ బూత్ దగ్గరే. అక్కడ పాలతో పాటు అభిప్రాయాలు కూడా పోస్తారు. పిన్ని మర్నాడు అక్కడికే వెళ్ళింది. నేను వెనకాల వెళ్ళాను. మంచి ఉద్దేశంతో అని చెప్పను, ఇద్దరూ ఎదురుపడితే చూడాలని పదకొండేళ్ళుగా నాకు కోరిక.

బూత్ ఆవిడ అరుగు మీద మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. క్యూలో ఏడెనిమిది మంది ఉన్నారు. పిన్ని ఆవిడ వైపు చూడకుండా పిల్లాడి ముందు వంగింది.

"ఏరా కన్నా, మీ నానమ్మకి చెప్పు. నీకు వేసిన మందు పాడైపోయింది. మళ్ళీ వేయాలి."

బూత్ ఆవిడ కూడా పిల్లాడికే చెప్పింది. "నాన్నా, ఆవిడకి చెప్పు. పాలడబ్బాలు ఎండలో పెట్టానని ఊరంతా టాంటాం వేసినావిడ, మందు మాత్రం మంచులో తగలేసిందా అని అడుగు."

"తగలేశానని చెప్పరా."

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. బూత్ ఆవిడ ఈ జవాబు ఊహించలేదు. పిల్లాడి టోపీ ఒకసారి తీసి మళ్ళీ పెట్టింది.

"పాడైందని ఎలా తెలిసిందట నాన్నా?"

పిన్ని మంచుపెట్టెలోంచి రెండు సీసాలు తీసింది. ఒకటి పాడైంది, రెండోది కొత్తది. రెండూ ఒకేసారి ఊపి అరుగు మీద పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. "అరగంట చూడమనరా మీ నానమ్మని. కళ్ళు ఇంకా పోలేదుగా."

"మా కళ్ళకేం. పాలల్లో నీళ్ళు కలిపితే డబ్బా మూత తీయకుండా చెబుతాను. ఆవిడ కళ్ళే ఫ్రిజ్ వెనక్కి చూడలేదు పాపం."

అరగంట. ఇద్దరూ ఒకే అరుగు మీద, మధ్యలో రెండు సీసాలు, ఒళ్ళో పిల్లాడు. పాలు పోయించుకున్నవాళ్ళు కూడా కదల్లేదు. ఒకాయన ఆఫీసుకి ఆలస్యమవుతోందని అన్నాడు గానీ వెళ్ళలేదు. పావుగంటకి ఒక సీసాలో పైభాగం తేటపడటం మొదలైంది. కింద తెల్లటి తునకలు దిగుతున్నాయి. రెండోది కదలకుండా తెల్లగా నిలబడింది.

బూత్ ఆవిడ సీసాని ఎత్తి వెలుతురులో చూసింది. "విరిగిపోయింది" అంది. అది పిల్లాడితో కాదు.

"విరిగింది. క్రిమి ఒక పక్క, పొడి ఒక పక్క. కణాలకి దెబ్బా తగల్దు, దొంగ మొహమూ తెలీదు. అసలు దగ్గు వచ్చిన రోజున ఎవరో చుట్టం వచ్చాడనుకుని లోపలికి రానిస్తాయి."

"పాలు విరిగితే నేనూ మళ్ళీ పోస్తాను. కానీ విరిగాయని వాళ్ళు వచ్చి నా మీద పడ్డాకే పోస్తాను. నిన్ను ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదు."

"పైవాళ్ళు చెప్పమన్నారా?"

"చెప్పొద్దన్నారు."

బూత్ ఆవిడ క్యూ వైపు తిరిగింది. "విన్నారుగా. ఇది పిచ్చిది. అబద్ధం చెప్పే తెలివి కూడా లేదు దీనికి." పిల్లాడి తొడ మీద బట్ట పక్కకి లాగింది. "కానివ్వు. నొప్పెట్టించావంటే మాత్రం ఈ డబ్బా నీ నెత్తిన బోర్లిస్తా."

నొప్పెట్టింది. టీకా కదా. పిల్లాడు ఊరు లేపాడు. డబ్బా బోర్లించలేదు.

తర్వాత మూడు రోజులు కేంద్రం ముందు తిట్టుకుంటూనే బారులు తీరారు. తిట్టడం ఆపినవాళ్ళు ఎవరూ లేరు. పిన్నికి అది కొంచెం హాయిగానే ఉన్నట్టుంది, అలవాటైన గాలి కదా. నాలుగో రోజున పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మందు పాడుచేసినందుకు ఒక మాట, జనంలో భయం కలిగించినందుకు నాలుగు మాటలు. నెలాఖరుకి వేరే కేంద్రానికి బదిలీ. పిన్ని చదివి మడిచి, మంచుపెట్టె ఊగకుండా దాని కింద ఎత్తు పెట్టింది.

ముప్ఫై ఏడు మంది అయ్యారు. ఒక్క ఇల్లు మిగిలింది, బస్సు డ్రైవరుది. మూడు నెలల కూతురు. అతను మూడు రోజులకోసారి ఇంటికొస్తాడు. భార్య తలుపు సందులోంచి "ఆయన వద్దన్నారండీ" అని మూసేసేది. పిన్ని ఎనిమిది రోజులు వరసగా వెళ్ళింది. ఎనిమిదో రోజున నేనూ వెంట వెళ్ళాను. ఆ రోజు డ్రైవరే తలుపు తీశాడు, బనియను మీద, గడ్డం సగం గీసుకుని.

"ఎన్నిసార్లు చెప్పించాలి నీకు?"

"నువ్వు చెప్పలేదుగా. చెబుతావని వచ్చా."

"వద్దు. చెప్పా. ఒకసారి పనికిమాలిన మందు పొడిచావు. ఇదీ పాడైందని రేపొచ్చి చెబితే?"

"మూడోసారి పొడుస్తా."

"నిన్ను పీకేశారటగా. ఎక్కడినుంచి వస్తావు?"

"బస్సులున్నాయిగా. నీ బస్సే ఎక్కి, నీ వెనక సీట్లో కూర్చుని, దారంతా ఇదే అడుగుతా."

అతను గడ్డం మీది నురగ తువ్వాలుతో తుడుచుకున్నాడు. "నాకు నీ మీద నమ్మకం లేదు."

"నన్ను నమ్మమని ఎవరన్నారు? పక్క పేటలో ఆ ఇద్దరు పసివాళ్ళలో ఒకడు ఇంకా ఇంటికి రాలేదు. దగ్గు ఆగక మొహం నల్లబడిపోతుంది వాడికి, ఊపిరి లాక్కుంటుంటే వరండా చివరిదాకా వినపడుతుంది. నేను విన్నా. వెళ్ళి నువ్వూ విను. తర్వాత నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు."

లోపల భార్య పాపని ఎత్తుకుని గోడవారగా నిలబడి ఉంది, ఆవిడ నిశ్శబ్దంగా ఏడుస్తోందని నాకు అప్పుడు తెలిసింది. అతను తిరిగి చూశాడు. వెళ్ళి పాపని తీసుకుని గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రమ్మనలేదు.

"ఇక్కడే వెయ్యి."

"కాలు గట్టిగా పట్టుకో. నీ స్టీరింగు కాదు, కదుల్తుంది."

సూది దిగింది. పాప ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, తర్వాత గొంతు చించుకుంది. డ్రైవరు పాపని భుజానికి హత్తుకుని పిన్నిని ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాస్తే మా అమ్మ చదువుతుంది.

"నెల తిరగ్గానే రెండో డోసు. ఆలస్యం చేయకు" అంది పిన్ని.

తలుపు ఆవిడ మొహం మీదే పడింది. లోపల పాప ఇంకా ఏడుస్తూనే ఉంది. పిన్ని సూదిని డబ్బాలో వేసి, పుస్తకం తీసి, ముప్ఫై ఎనిమిదో పేరుకి ఎదురుగా గీత పెట్టింది.