సైజు సారు వదిలేసిన చుక్కలు

పరిశోధనశాలలో అందరూ ఆయన్ని సైజు సారు అంటారు. అది వెటకారమని ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆయన మాత్రం బిరుదనుకుని మురిసిపోతాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా భార్య మొహం పక్కకు తిప్పుకునేది.

ఆవగింజంత పాలిమర్ పూసలు చెయ్యడం ఆయన పని. పూస నిండా కంటికి కనపడని రంధ్రాలు. పల్లేడియం ఉప్పు కలిపిన నీళ్లలో పూసలను నానబెట్టి, ఆ ఉప్పును లోహంగా మారిస్తే రంధ్రాల్లో లోహపు రేణువులు పుడతాయి. రంధ్రాన్ని మించి రేణువు పెరగలేదు. రేణువులు ఎంత చిన్నగా, ఒకే తీరుగా ఉంటే రసాయన చర్య అంతగా మన చెప్పుచేతల్లో ఉంటుంది. ఆలోచన బంగారంలాంటిది. తప్పల్లా మనిషిలోనే. మైక్రోస్కోప్ ఫొటోలో తనకు నచ్చిన రేణువులనే కొలిచి, నచ్చనివాటిని చూడనట్టు వదిలేసేవాడు. దాంతో ఏ సైజు రేణువులు ఎన్ని ఉన్నాయో చూపే గ్రాఫులో, అన్నీ ఒకే సైజన్నట్టు, కొండ సూదిలా లేచేది. దాన్ని చూపించి సభల్లో చప్పట్లు కొట్టించుకునేవాడు. సైజు సారన్న పేరు అలా వచ్చిందే.

భార్య కూడా కెమిస్ట్రీ చదువుకున్నదే. సువాసన ద్రవ్యాలు తయారు చేసే కర్మాగారంలో రసాయనాలు కలియబెట్టే రియాక్టర్లకు ఇన్‌ఛార్జి. పెళ్లైన కొత్తలో ఆయన కబుర్లు నోరు తెరుచుకుని వినేది. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పుడు తన మీద తనకే చిరాకు.

కర్మాగారం మేనేజరు ఏదో సభలో ఆ కొండను చూసి ముచ్చటపడి, ఆ పూసలు తెప్పించి రియాక్టర్‌లో వేయమన్నాడు. వాటి సాయంతో ఒక నూనెకు హైడ్రోజన్‌ను కొంతవరకే ఎక్కించాలి. ఎక్కువైతే వాసన చచ్చిపోతుంది. మొదటి బ్యాచ్ బొగ్గు కడిగిన నీళ్లలా దిగింది. వాసన చూస్తే తడిసిన అట్టపెట్టె. వడపోత గుడ్డ నిండా నల్లటి మసి. రంధ్రాల్లో ఉండాల్సిన లోహం పూస పైన పేరుకుని, కలియబెట్టగానే రాలిపోయిందని గుడ్డ చూడగానే ఆవిడకు అర్థమైంది.

ఇంటికొచ్చి చెబితే, ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ తప్పంతా కర్మాగారానిదే అన్నాడు. మీరు తిప్పే తీరు మొరటు, మీ నూనెలో మడ్డి ఉంది, మీ వాళ్లకు ఓపిక లేదు అన్నాడు. మా పెద్దాడి చేతిలో పొరపాటు జరగదని అత్తగారు సోఫాలోంచే వంత పాడింది. ఆవిడ ఎదురు చెప్పకుండా ఆయన చేత ల్యాప్‌టాప్‌లో అసలు ఫొటో తెరిపించింది.

"పూస అంచున ఇంతింత లావు చుక్కలున్నాయి. ఇవి కొలిచారా?"

"అవి లెక్కలోకి రావు. ఏవో పొరపాటున పుట్టినవి."

"పుట్టించింది మీరే కదండీ."

"నీకు ఈ లోతులు తెలీవు. వదిలెయ్."

"నా సంగతి సరే. మీరు వాటిని వదిలేశారని రియాక్టర్‌కి కూడా తెలీదుగా."

ఆయన విసురుగా లేచి స్నానానికి వెళ్లాడు. కాసేపటికి లోపల్నుంచి కూనిరాగం వినిపించింది. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. సిగ్గుపడతాడన్న ఆశ ఎప్పుడో పోయింది గానీ, కనీసం ఆ పూటకు పాట మానేస్తాడనుకుంది.

మర్నాడు కాఫీ ఇస్తూ, లోహాన్ని లోపలే పట్టి ఉంచేలా పూసలకు నత్రజని ఉన్న అణువులు అతికించి, నిదానంగా చేసిన బ్యాచ్ ఏదైనా ఉందా అని అడిగింది. ఉందట. రేణువులన్నీ చిన్నవే, లోపలే ఉన్నాయట. కాకపోతే సైజులో కాస్త ఎగుడుదిగుడుగా ఉండి, గ్రాఫులో కొండకు బానపొట్ట వచ్చిందట.

"అది చెత్త. కావాలంటే పట్టుకుపో," అన్నాడు.

ఆ చెత్తతో నూనె తేటగా దిగింది. వాసన నిలిచింది. పూసలను కడిగి మళ్లీ వేసినా అలాగే పనిచేశాయి. మేనేజరు ఆయనకు ఫోన్ చేసి తెగ మెచ్చుకున్నాడు. నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నానని ఆయన ఫోన్లో అంటుంటే, ఆవిడ పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ వింది.

ఆ బ్యాచ్ మీద ఒక సభలో ఆయన ప్రసంగం పెట్టారు. మేనేజరుతో పాటు ఆవిడా వెళ్లింది. తెర మీద గ్రాఫు చూసి కళ్లు చిట్లించింది. బానపొట్ట లేదు. మళ్లీ అదే సూది. ఓడిపోతానన్న భయంతో అబద్ధమాడతాడని ఇన్నాళ్లూ మనసులో ఎక్కడో సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఈసారి సరుకు నిజంగానే పనిచేసింది. భయపడాల్సిన పనే లేదు. అయినా ఉన్నది ఉన్నట్టు చూపించడం ఆ మనిషి వల్ల కాలేదు. చివర్లో ఆయన తన శ్రీమతి సహనానికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. జనం తలలు తిప్పి ఆవిడను చూశారు. ఆవిడ చెయ్యెత్తి లేచి నిలబడింది.

"ఆ పూసలు నేనే వాడాను. బాగా పనిచేశాయి. ఈ గ్రాఫు కోసం ఎన్ని రేణువులు వదిలేశారు?"

ఆయన గ్లాసందుకుని నీళ్లు తాగాడు. అది వివరంగా తరవాత మాట్లాడుకుందామన్నాడు. అధ్యక్షుడు టీకి లేవమన్నాడు. అందరూ లేచారు, అంతే. ఆయన పరువేమీ పోలేదు. పోవడానికి అక్కడ ఎవరూ పట్టించుకుంటేగా. కారులో మేనేజరు మాత్రం ఇంటి గొడవలు సభలోకి తెస్తారా అని ఆవిడనే మందలించాడు.

సైజు సారు చాలా రోజులు భార్యతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. తరవాతి సరుకు అడిగేటప్పుడు ఆవిడ పరిశోధనశాలకు ఒక షరతు పెట్టింది. ఫొటోలో ఉన్న రేణువులన్నీ కొలిచి పంపాలి. కొలిచేది ఎవరైనా ఫరవాలేదు, సారు మాత్రం కాకూడదు.