రంగనాయకమ్మ ఒళ్ళో పెట్టుకున్న చేతులు

రంగనాయకమ్మ పోయి పది రోజులైంది. మర్నాడు కర్మంతరం. వచ్చినవాళ్ళకు పంచడానికి ఆమె జీవితం గురించి పది వాక్యాలు రాసి, మధ్యాహ్నంలోగా నగరి ప్రెస్సులో ఇమ్మన్నాడు చిన్నాయన దొరస్వామి. డిగ్రీ సగంలో వదిలేసినా ఆ ఇంట్లో కాస్త చదివినవాడు మనవడు హరినాథే.

హరినాథ్ మగ్గాల షెడ్డులో కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఎనభై నాలుగేళ్ళు, ముగ్గురు బిడ్డలు, ఏడుగురు మనవలు. నాలుగు వాక్యాలకే ఆమె అయిపోయింది. వీధిలో ఏ ముసలమ్మకైనా సరిపోయేలా ఉంది ఆ రాత.

పలకరింపుకు వచ్చేవాళ్ళు మాత్రం చొక్కా చేతులు మడిచి, ఎముక విరిగి అతుక్కున్న చోటు చూపిస్తున్నారు. ఎవరికి ఎముక విరిగినా రంగనాయకమ్మే పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించేది. ఇంటి దగ్గరే రెండు వెదురు బద్దలు పెట్టి పాత చీర అంచుతో బిగించి, బస్సులో ఆ చేతినో కాలినో ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. దారిలో ఎక్కడ గుంత ఉందో డ్రైవరుకు ముందే చెప్పేది.

"ఈ మోచెయ్యి మీ అవ్వ పుణ్యమేరా," అన్నాడు ఎదురింటి మునెయ్య. "నేను ఏడస్తా ఉంటే, 'నోరు మూసుకోరా, ఎముకకంటే నీ కేకే పెద్దగా ఉండాది' అన్నింది. ఇది రాయి."

హరినాథ్ పెన్ను కదల్లేదు. పోయిన నెల పక్కవీధి పాప కాలు విరిగినప్పుడు, "బండి తియ్యరా" అని అవ్వ అడిగింది. "ఊరోళ్ళందర్నీ నేనే మొయ్యాల్నా? నాకేం పన్లేదా?" అన్నాడు. నిజానికి ఏ పనీ లేదు. ఆమె తిట్టలేదు. చెప్పులేసుకుని బస్టాండుకు నడిచింది. పక్కింటి శకుంతలమ్మ పాపను ఎత్తుకుని వెనకాలే పోయింది. ఆ సంగతి దాచి మిగతావి ఎట్లా రాయడం?

పదకొండు గంటలప్పుడు పెరట్లో గిన్నెలు తోముతున్న ఆ శకుంతలమ్మే తడి బండ మీద జారింది. మణికట్టు వంకర తిరిగింది. అందరూ చుట్టూ చేరి, అలవాటుగా అరుగు వైపు చూశారు. అక్కడ దండ వేసిన ఫొటో ఉంది.

హరినాథ్ కాగితం జేబులో కుక్కుకుని వెదురు బద్దలు తెచ్చాడు.

"ప్రెస్సుకు ఎవరు పోతార్రా?" అన్నాడు దొరస్వామి.

"నువ్వే రాసుకో చిన్నాయనా. నాకు ఆమె గురించి నాలుగు మాటలు కూడా తెలీవు." బండి తాళం తీశాడు.

"బండొద్దబ్బా, ఆ కుదుపుకి పానం పోతాది," అంది శకుంతలమ్మ. "బస్సే."

బస్సులో ఆమె చెయ్యి వాడి ఒళ్ళో ఉంది. రెండు నిమిషాలు కాకముందే వాడి మోకాలు ఎగరడం మొదలుపెట్టింది. క్లాసులోనైనా, అన్నం దగ్గరైనా ఆగని కాలది.

"కాలాడించొద్దురా, నొస్తా ఉండాది."

ఆపాడు. మళ్ళీ ఆడింది.

"మీ అవ్వ బండ మాదిరి కూర్చునేది," అందామె. "పాపను తీసుకుపోయిన పొద్దు దావంతా నీ మాటే. 'మా వానికి కాలు నిలవదు శకుంతలా, కూర్చునే పనికి పనికిరాడు. తిట్టి ఏం లాభం' అన్నింది."

హరినాథ్‌కు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. రెండు మడమలూ బస్సు నేలకేసి అదిమాడు. తొడలు బిగుసుకున్నాయి.

"అన్నా, ముందర గుంత ఉండాది, మెల్లగా పో," అని డ్రైవరును కేకేశాడు.

"ఆడ లేదురా గుంత," అంది శకుంతలమ్మ కళ్ళు మూసుకునే. "ఇంకా రెండు మలుపులు పోవాల."

వాడు మడమలు ఎత్తకుండా మలుపుల కోసం చూస్తూ కూర్చున్నాడు.